జనవరి 15 లెక్క: ప్రభుత్వ ఉద్యోగి ఆస్తుల వివరాలు ఎందుకు చెప్పాలి, ఎవరు చూడాలి

క్లుప్తంగా

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగి ఆస్తి కొనుక్కోవడం తప్పు కాదు, చెప్పకుండా కొనడమే తప్పు. ఏటా జనవరి 15లోగా ఇచ్చే ఆస్తుల స్టేట్‌మెంటు ఇందుకోసమే. ఆ కాగితాన్ని ఇచ్చిన ఏడాదిలోనే సరిచూసే ఏర్పాటు బలంగా లేకపోవడంతో, అది ఫైల్లో చేరి అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) తలుపు తట్టినప్పుడే మళ్లీ బయటికి వస్తోంది. దీనివల్ల అక్రమార్కుడు ఏళ్ల తరబడి దొరక్కుండా ఉంటున్నాడు. నిజాయితీగా సంపాదించి వివరాలు చెప్పడంలో అశ్రద్ధ చేసినవాడు చిక్కుల్లో పడుతున్నాడు.

గందరగోళం ఎక్కడుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏసీబీ సోదాలు జరిగిన ప్రతిసారీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. జీతం ఇంతే కదా, ఇన్ని ఆస్తులు ఎలా వచ్చాయని జనం అడుగుతారు. తాతల నాటి భూమి, భార్య తెచ్చుకున్న బంగారం, బ్యాంకు అప్పు కలిపి చూడకుండా నిందలు వేస్తున్నారని ఉద్యోగ వర్గాలు అంటాయి. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎంత నిజమో తేల్చాల్సిన కాగితాలు మాత్రం సోదా జరిగిన రోజు ఎవరి చేతిలోనూ ఉండవు.

ఈ ప్రాంతంలో సర్కారు కొలువు ఒక్క మనిషికి దక్కే జీతంతో ఆగదు. అన్నదమ్ముల్లో ఒకరు ఉద్యోగంలో ఉంటే, మిగతావాళ్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గల్ఫ్‌లోనో పని చేస్తూ ఊళ్లో ఇల్లు కట్టడానికి ఆయన ఖాతాకే డబ్బు పంపుతారు. బ్యాంకు పనులు తెలిసినవాడు, నమ్మకస్తుడు ఆయనే కాబట్టి స్థలం కూడా ఆయన పేరునే రాయిస్తారు. ఇంట్లో అందరికీ ఎవరి వాటా ఎంతో తెలుసు. కాగితం మీద మాత్రం మొత్తం ఆస్తి ఉద్యోగిదే. ఉమ్మడి కుటుంబంలో నమ్మకం మీద జరిగిన ఈ ఏర్పాటు, ప్రవర్తనా నియమాల కళ్లతో చూస్తే లెక్క చెప్పని ఆస్తి.

నియమం అడిగేది ఏమిటి

రాష్ట్ర ఉద్యోగులకు వర్తించేవి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964. అందులో 9వ నియమం ఆస్తులకు సంబంధించినది. స్థిరాస్తి కొన్నా, అమ్మినా, దానంగా పుచ్చుకున్నా ప్రభుత్వానికి ముందుగా తెలపాలి. కొన్ని రకాల లావాదేవీలకు తెలిపితే సరిపోదు, ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఇది ఉద్యోగికే కాదు, కుటుంబ సభ్యుల పేరుతో జరిగేవాటికీ వర్తిస్తుంది. ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏటా జనవరి 15లోగా ఆస్తుల వివరాలను నిర్ణీత నమూనాల్లో ఇవ్వాలి. స్థిరాస్తికి ఒక నమూనా, చరాస్తికి మరొకటి. ఈ వార్షిక స్టేట్‌మెంటు నుంచి చివరి శ్రేణి ఉద్యోగులకు, రికార్డు అసిస్టెంట్లకు మినహాయింపు ఉంది.

ముందుగా తెలపడం, ఏటా స్టేట్‌మెంటు ఇవ్వడం వేర్వేరు బాధ్యతలు. చాలామంది తడబడేది ఇక్కడే. ఆగస్టులో స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకుని, వచ్చే జనవరిలో ఎలాగూ రాస్తాం కదా అని ఊరుకుంటారు. జనవరిలో రాసినా, ముందు తెలపలేదన్న లోపం అలాగే ఉంటుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేశాం, అందులో అన్నీ ఉన్నాయన్న ధీమా కూడా అలాంటిదే. రిటర్ను వెళ్లేది ఆదాయపు పన్ను శాఖకు. ప్రవర్తనా నియమాల ప్రకారం తెలపాల్సింది సొంత శాఖకు. ఒకచోట చెప్పినంత మాత్రాన రెండోచోట చెప్పినట్టు కాదు.

భూమి, ఇల్లు దాటి ఇంకొన్ని విషయాలూ ఈ నియమావళిలో ఉన్నాయి. కానుకలు, చందాలు, అప్పు ఇవ్వడం, పుచ్చుకోవడం, ప్రైవేటు వ్యాపారం, ఒక్కోదానికీ విడిగా కట్టుబాటు ఉంది. వడ్డీకి డబ్బు తిప్పడం నిషిద్ధం. భార్య పేరుతో బీమా ఏజెన్సీ, బావమరిది పేరుతో ప్లాట్ల వ్యాపారం నడుపుతూ అసలు పని తాము చేసే ఉద్యోగుల సంగతి ఊళ్లలో బహిరంగ రహస్యమే. కుటుంబ సభ్యులు తమంతట తాము వ్యాపారం చేసుకుంటే దాన్ని శాఖకు తెలిపితే సరిపోతుంది. ఉద్యోగి స్వయంగా వ్యాపారం నడిపితే మాత్రం, పేరు ఎవరిదైనా, అది క్రమశిక్షణ చర్యకు దారితీస్తుంది.

పెళ్లి చదివింపుల విషయం ఇక్కడివాళ్లకు బాగా దగ్గరిది. పెళ్లిపందిరి పక్కన బల్ల వేసుకుని, పెద్దమనిషి ఒకరు పుస్తకంలో ఊరు, ఇంటిపేరు, మొత్తం రాస్తూ ఉంటారు. రేపు వాళ్లింట శుభకార్యమైతే తిరిగి చదివించడానికి ఆ పుస్తకమే ఆధారం. బంధుమిత్రులు ఆచారం ప్రకారం ఇచ్చే కానుకలను నియమాలు పూర్తిగా కాదనవు. పెద్ద మొత్తమైతే తెలపాలి, తన హోదాతో పని ఉన్నవారి నుంచైతే తీసుకోకూడదు. ఒక మండల అధికారి కూతురి పెళ్లిలో కాంట్రాక్టర్లు, డీలర్లు చదివించిన డబ్బు ఆచారం పరిధిలోకి వస్తుందా అన్నది తేల్చడానికి ఆ చదివింపుల పుస్తకంలోని పేర్లే చాలు. అదే పుస్తకం ఇంకో కేసులో ఉద్యోగికి రక్షణగానూ నిలుస్తుంది. కట్నం తీసుకోలేదని పెళ్లైన ఉద్యోగి శాఖకు డిక్లరేషన్ ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. ఆ డిక్లరేషన్ ఇచ్చాక, ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో అత్తవారు ఇచ్చిన కట్నమని చెప్పుకునే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఏసీబీ లెక్క వేసే తీరు

సోదా జరిగిన రోజు టీవీలో చెప్పే కోట్లకు, చార్జిషీటులో ఉండే అంకెకు మధ్య చాలా తేడా కనిపిస్తుంది. దీనివల్ల కేసు నీరుగార్చారన్న అనుమానం జనానికి కలుగుతుంది. కొన్నిసార్లు ఆ అనుమానం నిజం కావచ్చు. కానీ ఎక్కువగా కారణం వేరు. సోదా రోజు వార్తల్లో భూమికి బహిరంగ మార్కెట్ ధర చెబుతారు. కేసులో సాధారణంగా దస్తావేజులో ఉన్న విలువ, దానికి అయిన స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు లెక్కకు వస్తాయి. 2012లో మూడు లక్షలకు కొన్న స్థలం ఈరోజు నలభై లక్షలు పలకవచ్చు. ఉద్యోగి అక్రమంగా వెచ్చించాడా లేదా అన్నది తేలేది ఆనాటి మూడు లక్షల దగ్గరే.

లెక్క ఇలా సాగుతుంది. ముందు ఒక కాలవ్యవధిని ఎంచుకుంటారు, దాన్నే చెక్ పీరియడ్ అంటారు. అది మొదలైన రోజున ఉన్న ఆస్తులు, ముగిసిన రోజున ఉన్న ఆస్తులు చూసి, రెండింటి తేడాను ఆ కాలంలో సంపాదించిన ఆస్తిగా తీసుకుంటారు. దానికి ఆ కాలంలో పెట్టిన ఖర్చు కలుపుతారు. పిల్లల ఫీజులు, బీమా ప్రీమియాలు, అప్పుల వాయిదాలు కాగితాల ద్వారా తేలతాయి. ఇంటి ఖర్చుకు రశీదులు ఉండవు కాబట్టి అంచనా వేస్తారు. జీతంలో మూడో వంతును ఇంటి ఖర్చుగా కట్టే పద్ధతి దర్యాప్తు సంస్థల్లో ఉంది. ఆస్తి, ఖర్చుల మొత్తాన్ని అదే కాలంలో వచ్చిన సక్రమ ఆదాయంతో పోలుస్తారు.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. పదేళ్ల చెక్ పీరియడ్‌లో ఒక ఉద్యోగి మొదటి రోజు ఆస్తి 6 లక్షలు, చివరి రోజు ఆస్తి 58 లక్షలు. అంటే పెరిగింది 52 లక్షలు. ఖర్చు 30 లక్షలు. మొత్తం 82 లక్షలు. ఆదాయం వైపు జీతం 54 లక్షలు, బ్యాంకు అప్పు 10 లక్షలు, పొలం మీద 6 లక్షలు, కలిపి 70 లక్షలు. తేడా 12 లక్షలు, అంటే ఆదాయంలో 17 శాతం. ఇది కేసు పెట్టదగ్గ తేడా. ఇప్పుడు అదే ఉద్యోగి పెళ్లి చదివింపులు 3 లక్షలని, భార్య కుట్టుపని ఆదాయం పదేళ్లలో 3 లక్షలని ఆనాడే శాఖకు తెలిపిన కాగితాలు చూపగలిగాడనుకుందాం. ఆదాయం 76 లక్షలవుతుంది. తేడా 6 లక్షలకు, శాతం 8కి దిగుతుంది.

ఈ రెండు శాతాల మధ్య చాలా దూరం ఉంది. కృష్ణానంద్ అగ్నిహోత్రి కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగి ఆస్తుల్లో తేలిన అదనం సుమారు 11 వేల రూపాయలు మొత్తం ఆదాయంలో పదో వంతు కన్నా తక్కువే కాబట్టి దాన్ని అసమానమైన ఆస్తిగా చూడలేమని చెప్పింది. అప్పటి నుంచి 10 శాతం అన్న కొలమానం కోర్టు వాదనల్లో స్థిరపడింది. పది శాతం వరకు అక్రమంగా సంపాదించుకోవచ్చని దీని అర్థం కాదు. ఏళ్ల తరబడి సాగే కుటుంబ లెక్కల్లో అంచనాలు కొంత అటూ ఇటూ అవుతాయి కాబట్టి అంతమేరకు సందేహ లాభం ఇవ్వాలన్నది ఆ తీర్పు సారం. పై ఉదాహరణలో రెండు లెక్కలూ ఒకే మనిషివి, సంపాదనా ఒక్కటే. తేడా అంతా ఆరు లక్షలకు కాగితం ఉండటం, లేకపోవడంలోనే ఉంది.

జీడితోట ఆదాయం ఎవరు నమ్ముతారు

ఈ జిల్లాల కేసుల్లో ఎక్కువ వాదన నడిచేది వ్యవసాయ ఆదాయం చుట్టూ. దానికి పన్ను లేదు కాబట్టి నల్లడబ్బును పొలం రాబడిగా చూపడం దేశమంతటా ఉన్నదే. అందుకే దర్యాప్తు అధికారి ఆ మాటను మొదటే నమ్మడు. పాసుపుస్తకం, ఈ-క్రాప్ నమోదు, కౌలు పత్రం, పంట అమ్మిన రశీదు అడుగుతాడు. వ్యవసాయ, ఉద్యాన శాఖల నుంచి ఆ మండలంలో ఎకరాకు సగటు దిగుబడి, ఆ ఏడాది ధర తెప్పించుకుని తనే ఒక అంకె వేస్తాడు.

వరి విషయంలో ఉద్యోగికి కొంత సులువు. కొనుగోలు కేంద్రానికి ధాన్యం పోస్తే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, తేదీతో సహా ఆధారం మిగులుతుంది. ఉద్దానం జీడితోటల సంగతి వేరు. పలాస వ్యాపారి తోటలోకే వచ్చి పిక్కలు తూచి నోట్లు చేతిలో పెట్టిపోతే రశీదు ఉండదు. కవిటి, సోంపేట వైపు కొబ్బరికాయల బేరమూ అంతే. నిజంగా వచ్చిన రాబడికి రుజువు ఉండదు. రాని రాబడిని వచ్చినట్టు చూపాలనుకునేవాడికీ ఇదే సందు.

సగటు దిగుబడి లెక్కకు మరో ఇబ్బంది ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా కూలాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. చెక్ పీరియడ్‌లో ఆ ఏళ్లు ఉంటే, ఏటా ఎకరాకు ఇంత అని ఒకే అంకె వేయడం ఎవరికీ సరిపోదు. తుపానుకు ముందు ఏళ్లలో ఉద్యోగి వాస్తవ రాబడి ఆ సగటు కన్నా ఎక్కువే అయి ఉండవచ్చు. తర్వాతి ఏళ్లలో రాబడే లేకపోయినా పాత అంకెలే చూపే ఉద్యోగీ ఉండవచ్చు. ఏ ఏటికా ఏడు జనవరి స్టేట్‌మెంటుతో పాటు పొలం రాబడిని కూడా రాసి ఇచ్చి ఉంటే, ఈ వాదనలో సగం ఉండేదే కాదు.

అన్నదమ్ములు పంపిన డబ్బుదీ ఇదే దారి. సోదరుడు తన పాస్‌పోర్టు, తన జీతపు వివరాలు, తన ఖాతా నుంచి వచ్చిన బదిలీలు చూపగలిగితే ఆ సొమ్ము ఉద్యోగి లెక్కలోంచి బయటపడుతుంది. ఊరికి వచ్చే మనిషి చేతికిచ్చి పంపిన నోట్ల కట్టలకు సోదరుడి నోటిమాట తప్ప వేరే సాక్ష్యం లేదు, పదేళ్ల తర్వాత ఆ మాటకు కోర్టులో అంత బరువు రాదు. ఆస్తి తమ పేర్లతో ఉంచి సహకరించిన కుటుంబ సభ్యులను కూడా నేరానికి ప్రోత్సహించినవారిగా విచారించవచ్చని సుప్రీంకోర్టు 1999లో నల్లమ్మాళ్ కేసులో చెప్పింది. పేరు అరువిచ్చిన బావమరిదికీ ముప్పు ఉందన్నమాట.

2018లో చట్టం ఏం మార్చింది

అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. ఆదాయానికి మించిన ఆస్తుల నేరాన్ని వివరిస్తూ, తెలిసిన ఆదాయ మార్గం అంటే సక్రమంగా వచ్చినదీ, నియమాల ప్రకారం ప్రభుత్వానికి తెలిపినదీ అయిన ఆదాయమని పాత చట్టం చెప్పేది. సక్రమమైనా సరే, తెలపని ఆదాయాన్ని లెక్కలో చూపుకోవడం కష్టమయ్యేది. 2018 జూలై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో రెండో షరతు లేదు. సక్రమ మార్గంలో వచ్చిన ఆదాయం అన్నంతవరకే నిర్వచనం మిగిలింది.

ఇక శాఖకు తెలపకపోయినా పర్వాలేదని దీన్ని అర్థం చేసుకుంటే పొరపాటే. క్రిమినల్ కేసులో తలుపు కొంచెం తెరుచుకుంది, శాఖాపరమైన విచారణలో తెరుచుకోలేదు. తెలపకపోవడమే అక్కడ ఒక అభియోగం. క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడినవారిపై కూడా ఈ అభియోగం మీద ఇంక్రిమెంట్ల కోత వంటి శిక్షలు పడవచ్చు. పైగా కోర్టులో ఆదాయం సక్రమమని చూపాల్సింది ఉద్యోగే. ఆనాడు తెలిపిన కాగితానికి ఉన్న బలం, సోదా తర్వాత రాయించుకున్న అఫిడవిట్లకు ఉండదు.

శిక్షలు అంతకుముందే, 2014 జనవరిలో అమల్లోకి వచ్చిన లోక్‌పాల్ చట్టం ద్వారా పెరిగాయి. లంచం తీసుకుంటే మూడు నుంచి ఏడేళ్లు, అక్రమాస్తులైతే నాలుగు నుంచి పదేళ్ల జైలు. అధికారి తీసుకున్న నిర్ణయాలపై దర్యాప్తు మొదలుపెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలన్న 17ఏ సెక్షన్ మాత్రం 2018 సవరణలో వచ్చిందే. లంచం పుచ్చుకుంటుండగా అక్కడికక్కడ పట్టుకునే కేసులకు అది వర్తించదు.

సామాన్యుడికి తెలియాల్సిన మార్పు ఇంకోటి ఉంది. లంచం ఇచ్చినవాడూ ఇప్పుడు నేరస్థుడే. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చిందని ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పుకుంటే రక్షణ ఉంది. ముందే ఏసీబీకి చెప్పి ఇచ్చినా ఉంది. చేయి తడిపి పని చేయించుకుని, ఆరు నెలల తర్వాత గొడవ వచ్చినప్పుడు ఫిర్యాదు చేసే రైతుకు ఈ రక్షణ వర్తించదు.

ట్రాప్ కేసు దారి వేరు

పత్రికల్లో ఎక్కువగా కనిపించేవి, లంచం తీసుకుంటుండగా వల పన్ని పట్టుకునే ఈ ట్రాప్ కేసులే. మ్యుటేషన్‌కో, సర్వేకో, కరెంటు కనెక్షన్‌కో, బిల్లు పాస్ చేయడానికో డబ్బు అడిగారని బాధితుడు ఏసీబీకి చెబుతాడు. నిజానిజాలు చూసుకున్నాక కేసు నమోదు చేస్తారు. మధ్యవర్తులుగా వచ్చిన వేరే శాఖల ఉద్యోగుల ఎదుట నోట్ల నంబర్లు రాసి, వాటికి ఫినాల్ఫ్తలీన్ పొడి పూస్తారు. నోట్లు తీసుకున్న చేతులను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది.

రంగు మారితే కేసు గెలిచినట్టేనని అనుకుంటారు, కాదు. ఉద్యోగి డబ్బు అడిగాడన్నది రుజువు కావాలి. చేబదులు తిరిగి ఇచ్చాడనో, జేబులో బలవంతంగా కుక్కాడనో వాదన వస్తుంది. విచారణ విశాఖపట్నంలోని ఏసీబీ ప్రత్యేక కోర్టు దాకా వెళ్లేసరికి ఇచ్ఛాపురం వైపు ఊళ్లోంచి వచ్చే ఫిర్యాదుదారు మాట మార్చిన సందర్భాల్లో గతంలో కేసులు వీగిపోయేవి. నీరజ్ దత్తా కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, ఇతర సాక్ష్యాలతో, పరిస్థితుల ఆధారంగా లంచం అడిగిన విషయాన్ని రుజువు చేయవచ్చని తేల్చింది. దీని తర్వాత మధ్యవర్తుల సాక్ష్యానికి, ఫోన్ రికార్డులకు, ఆ రోజు ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఎందుకు ఆగిందన్న ఆధారాలకు విలువ పెరిగింది.

అరెస్టై 48 గంటలు దాటి నిర్బంధంలో ఉంటే ఉద్యోగి సస్పెండ్ అయినట్టే. ఆ తర్వాత జీవనభృతి మీద ఏళ్లు గడుస్తాయి. విచారణ ముగియకుండా పదవీ విరమణ వస్తే తాత్కాలిక పింఛనుతో సరిపెట్టుకోవాలి, గ్రాట్యుటీ ఆగిపోతుంది. తప్పు చేసినవాడికి ఇది తగినదే కావచ్చు. చివరికి నిర్దోషిగా తేలినవాడికి పోయిన ఏళ్లు తిరిగి రావు. ఆలస్యం ఇద్దరినీ ఒకే గాటన కడుతోంది.

జీతం బహిరంగం, ఆస్తి గోప్యం

సమాచార హక్కు చట్టం 2005 నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయం తన ఉద్యోగుల నెల జీతాలను అడగకుండానే ప్రకటించాలి. అదే ఉద్యోగి ఆస్తుల స్టేట్‌మెంటు అడిగితే, గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు అడ్డు వస్తుంది. ఆస్తులు, అప్పులు, మెమోలు వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజాప్రయోజనం చూపితే తప్ప ఇవ్వనక్కర్లేదని అందులో చెప్పారు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ద్వారా ఆ మినహాయింపు ఇంకా బిగిసింది. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన క్లాజులో ఉన్న ప్రజాప్రయోజనపు షరతును తీసేశారు. హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువనుకుంటే సమాచారం ఇవ్వవచ్చన్న సాధారణ నిబంధన ఎనిమిదో సెక్షన్‌లో వేరేగా మిగిలే ఉంది. కానీ దాని మీద ఆధారపడి సమాచారం రాబట్టడం సామాన్య దరఖాస్తుదారుకు కష్టం.

మిగతావారితో పోల్చి చూస్తే ఈ గోప్యత ఎంత అసమానంగా ఉందో తెలుస్తుంది. ఆమదాలవలసలోనో గజపతినగరంలోనో శాసనసభకు పోటీ చేసే అభ్యర్థి తన స్థిరాస్తులు, బంగారం, బ్యాంకు నిల్వలు, అప్పులు, భార్య లేదా భర్త ఆస్తులతో సహా అఫిడవిట్‌లో ఇవ్వాలి. ఎవరైనా చదువుకోవచ్చు. జిల్లా కలెక్టర్ ఐఏఎస్ అధికారి కాబట్టి ఏటా జనవరి 31లోగా స్థిరాస్తుల రిటర్ను ఇవ్వాలి, అది కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. ఇవ్వకపోతే విజిలెన్స్ క్లియరెన్స్ ఆగుతుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఆస్తుల వివరాలు కూడా 2025 మేలో వెబ్‌సైట్‌లోకి వచ్చాయి. అదే కలెక్టరు కింద పనిచేసే తహసీల్దారు, సబ్‌రిజిస్ట్రారు, పంచాయతీ కార్యదర్శి ఆస్తుల కాగితం మాత్రం కార్యాలయ ఫైలు దాటదు. రోజూ జనంతో, భూమితో, డబ్బుతో నేరుగా పని ఉండేది వీళ్లకే.

రాష్ట్రాల్లోనూ తేడా ఉంది. బీహార్‌లో దశాబ్దానికి పైగా ఉద్యోగుల ఆస్తుల ప్రకటనలు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. ఉత్తరప్రదేశ్ 2024లో మానవ సంపద పోర్టల్‌లో ఆస్తులు నమోదు చేయనివారి ఆగస్టు జీతాలు ఆపింది. ఇలా రెండు లక్షల మందికి పైగా జీతాలు ఆగిపోయాయి. జీతం ఆపితే నమోదు పెరుగుతుంది, అనుమానం లేదు. కానీ నమోదైనది నిజమో కాదో చూసే పని అప్పటికీ మిగిలే ఉంటుంది. భూముల రిజిస్ట్రేషన్, వాహనాల రిజిస్ట్రేషన్, జీతాల చెల్లింపు అన్నీ కంప్యూటర్‌లో ఉన్న రోజుల్లో, ఉద్యోగి రాసినదాన్ని ఈ రికార్డులతో పోల్చి తేడా ఉన్నవాటిని మాత్రమే పక్కకు తీయడం సాంకేతికంగా కష్టం కాదు. ఆ పని చట్టబద్ధంగా ఎవరిది, ఎన్నాళ్లలో చేయాలి అన్నది నిర్ణయించాల్సి ఉంది.

బహిరంగపరిస్తే బెదిరింపులు పెరుగుతాయన్న ఉద్యోగుల భయాన్ని కొట్టిపారేయలేం. విలేకరులమని, ఆర్టీఐ కార్యకర్తలమని చెప్పుకుని మండల కార్యాలయాల చుట్టూ తిరుగుతూ డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. బంగారం, డిపాజిట్లు, పిల్లల వివరాలు అందరి ముందు పెట్టాల్సిన అవసరం లేదు. ఐఏఎస్‌ల తరహాలో స్థిరాస్తులు, వాటిని కొన్న ఏడాది, కొన్న ధర, డబ్బు వచ్చిన మార్గం వరకు బయటపెట్టి, మిగతాది శాఖ దగ్గర ఉంచితే ఆ భయానికి, ప్రజల హక్కుకు రెండింటికీ చోటుంటుంది.

భూమి విలువ ఎవరికి ముందు తెలుస్తుంది

స్టేట్‌మెంటు ఎంత నిజాయితీగా రాసినా పట్టుకోలేని సంగతి ఒకటుంది. భోగాపురం విమానాశ్రయం, సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు, రాయపూర్-విశాఖ ఆర్థిక కారిడార్ ఈ ప్రాంతంలో భూముల ధరలను కదిలించాయి. ఏ సర్వే నంబరు భూసేకరణలోకి పోతుంది, ఏది రోడ్డు అంచుకు వస్తుంది అన్నది రైతుకన్నా ముందు తెలిసేది ఫైలు చూసేవారికి. అలా తెలిసిన వ్యక్తి సక్రమమైన జీతపు డబ్బుతోనే, చట్టబద్ధంగా రిజిస్ట్రేషన్ చేయించుకుని, శాఖకు తెలిపి మరీ రెండెకరాలు కొంటే ఆదాయానికి మించిన ఆస్తి అవదు. జనవరి స్టేట్‌మెంటులోనూ తప్పు దొరకదు. నష్టపోయేది మాత్రం ఆ రెండెకరాలు పాత ధరకు అమ్ముకున్న రైతు.

అధికారిక సమాచారాన్ని సొంతానికి వాడుకోకూడదన్న సూత్రం నియమావళిలో ఉంది. అయితే తన ముందున్న ఫైలుతో తనకో, తన బంధువులకో ఆర్థిక సంబంధం ఉందని ఉద్యోగి ముందుగా రాసిచ్చి పక్కకు తప్పుకునే పద్ధతి, భూసేకరణ, టెండర్లు, లేఅవుట్ అనుమతుల వంటి చోట్ల ఒక రోజువారీ ఆచారంగా స్థిరపడలేదు. ఒక ఫైలుకు ఒక పేజీ డిక్లరేషన్ జతచేయడం పెద్ద ఖర్చు కాదు. ఆస్తి ఎంత అన్న ప్రశ్న కన్నా, ఈ నిర్ణయంలో నీకేం లాభం అన్న ప్రశ్నే ఇలాంటి చోట్ల పదునుగా పనిచేస్తుంది.

సచివాలయాల్లో చేరిన కొత్త తరం

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా ఒకేసారి లక్షకు పైగా యువత ఉద్యోగాల్లో చేరారు. వీరిలో ఇంట్లో మొదటి ప్రభుత్వ ఉద్యోగి తానే అయినవారు చాలామంది. సర్వేయరు, పంచాయతీ కార్యదర్శి, ఇంజినీరింగ్ అసిస్టెంట్, సంక్షేమ సహాయకుడు వంటి ఈ కొలువుల్లో భూమి, బిల్లులు, పథకాల అర్హత వీరి సంతకం మీదుగానే కదులుతాయి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ప్రవర్తనా నియమాల పరిధిలో ఇంతగా లేకపోయినా, ప్రభుత్వ విధి నిర్వర్తించేవారంతా అవినీతి నిరోధక చట్టం కింద పబ్లిక్ సర్వెంట్లే. లంచం కేసులో తాను రెగ్యులర్ ఉద్యోగిని కాదన్న వాదన నిలవదు.

సచివాలయ ఉద్యోగుల విషయంలో ఒక చిన్న కాగితం ముందుముందు పెద్దదవుతుంది. అది ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన తొలి స్టేట్‌మెంటు. ఎప్పుడైనా చెక్ పీరియడ్ లెక్క వేయాల్సి వస్తే మొదటి రోజు ఆస్తులకు ఆధారం అదే. ఇరవై రెండేళ్ల వయసులో చేరుతూ, భూమి నాన్న పేరున ఉంది కదా అని అన్ని గడుల్లోనూ లేవు అని రాసినవాళ్లు, తర్వాత ఆ భూమి భాగపంపకాల్లో తమ పేరుకు వచ్చిన ఏడాది తప్పనిసరిగా తెలపాలి. వారసత్వంగా వచ్చినదానికి డబ్బు పెట్టలేదు కాబట్టి చెప్పనక్కర్లేదన్నది తప్పుడు నమ్మకం. భాగపరిష్కార దస్తావేజు నకలు, అమ్మ ఇచ్చిన బంగారం వివరం, పీఎఫ్ లేదా ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ఉద్యోగుల జీవిత బీమా) అప్పు మంజూరు ఉత్తర్వు, గృహరుణం పత్రం, ఏ ఏటికావి స్టేట్‌మెంటుకు జతచేసి, కార్యాలయంలో ఇచ్చిన తేదీ, ముద్ర ఉన్న ప్రతిని ఇంట్లో దాచుకోవాలి. బదిలీల్లో, కార్యాలయాలు మారడంలో అసలు ఫైళ్లు పోతాయి. గతంలో తెలపకుండా వదిలేసినవి ఉంటే వాటిని వచ్చే జనవరిలో ఆలస్యానికి కారణంతో సహా రాసివ్వవచ్చు. దానికి సంజాయిషీ అడిగినా, చిన్న శిక్ష పడినా, సోదా పంచనామాలో మొదటిసారి బయటపడటంతో పోలిస్తే ఉద్యోగికి జరిగే నష్టం చాలా తక్కువ.